ఎవరి కాలర్ పట్టుకోవాలె?

సంస్మరణ సభలో రెండు ముక్కలు మాట్లాడమని జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "ఆఖరి దినాలల్ల సారును మీరే దగ్గరుండి చూసుకున్నరు గద సిస్టర్, మీరు మాట్లాడితే మంచిగుంటది" అన్నాడు ఆఫీసు మేనేజరు. డ్యూటీ ఉందని చెప్పి తప్పించుకున్నాను. సభకు కట్టబోయే ఫ్లెక్సీ ఫొటో అప్పటికే నా ఫోన్‌కు వచ్చి ఉంది. దాని మీద ఆయన నవ్వుతున్న బొమ్మ, కింద "రోగుల భద్రత కోసం తపించిన మహామనీషి" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ మాట చదివినప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. స్టేజీ ఎక్కితే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. పేరు మాత్రం రాయను. పేరు పెట్టి తిట్టేంత చనువు ఆయన బతికుండగా ఎవరికీ ఇవ్వలేదు.

నేను సిరిసిల్లలో డయాలసిస్ నర్సును. మాది కోనరావుపేట. మా ఆసుపత్రి ఒక ట్రస్టుది. పెద్దది జగిత్యాలలో, దాని పిల్లలు కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషన్ మీద శుభ్రం చేసి పంపడం మా పని. వారానికి మూడుసార్లు రావాల్సినవాళ్లుంటారు, రెండుసార్లతో నెట్టుకొచ్చేవాళ్లుంటారు. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకని ఎవరికి మూడు, ఎవరికి రెండు అన్నది వారం వారం జగిత్యాలలో కంప్యూటర్ తేల్చేది. ఒంట్లో మురికి ఎంత పేరుకుందో చెప్పే క్రియాటినిన్ అనే అంకెను మూడు ఊళ్ల నుంచీ దాంట్లోకి ఎక్కించేవాళ్లు. అది లెక్కచేసి లిస్టు ఇచ్చేది. పెద్ద డాక్టరు సంతకం పెట్టేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితంలో అంకెలేవీ ఉండేవి కావు. పేరు, పక్కన మూడు, లేదంటే రెండు. అంతే.

ఆ లెక్క రాసినవాడు సాజిద్. కోరుట్లవాడు. వాళ్ల నాయనకు అక్కడ బట్టలు కుట్టే దుకాణముండేది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని, దాని మీద కూర్చుని ఈ పద్ధతంతా తయారుచేశాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాస్తారు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇది తెలిసిన రోజు ట్రస్టులో ఒకాయనకు గుబులు పుట్టింది. ఊరికే వచ్చినదాన్ని నమ్మి మనుషుల రక్తంతో ఆటలేంది, రేపు ఏమన్నా అయితే ఎట్ల అన్నాడు. ప్రమాదం ఎంత ఉందో తేల్చి రిపోర్టు ఇవ్వడానికి, ఇప్పుడు ఫ్లెక్సీ మీద నవ్వుతున్న ఈయనను పిలిపించారు. హైదరాబాదులో పెద్ద పెద్ద ఆసుపత్రుల కంప్యూటర్ లెక్కలు చూసి రిటైరైన మనిషి. మేడిపల్లి దిక్కువాడని చెప్పుకునేవాళ్లు. అంతకుమించి ఆయన ఇల్లూ వాకిలీ సంగతి నాకు తెలియదు, అక్కర కూడా లేదు.

ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులవి. అన్ని చౌరస్తాల్లో టెంట్లే, రిలే దీక్షలే. మా తమ్ముడు సిరిసిల్ల టెంట్లో కూర్చుంటే, డ్యూటీ దిగి నేను కూడా కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఆయన మొదటిసారి మా సెంటరుకు వచ్చినప్పుడు మెడలో గులాబీ కండువా ఉంది. మనోడే అనుకున్నాను. కండువా తీసి నా కుర్చీ దులిపి, కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టాడు. ఆయన అలవాటే అది. ఎవరిని ప్రశ్నించాలో వాళ్ల కుర్చీలోనే కూర్చునేవాడు. తర్వాత కళ్లద్దాలు తీశాడు. జేబులో ఇస్త్రీ మడత చెదరని రుమాలు ఉంది. దాన్ని ముట్టలేదు. చేయి చాపి, నా తెల్లకోటు అంచు పట్టుకుని, తాపీగా అద్దాలు తుడుచుకున్నాడు.

"ఏం చదివినవమ్మా?"

చెప్పాను.

"ఎక్కడ?"

చెప్పాను. ఆయన లవంగం ఒకటి నోట్లో వేసుకుని, "ఓహో, కోనరావుపేట యూనివర్సిటీ!" అన్నాడు. అంతే, పేరు పడిపోయింది. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా యూనివర్సిటీ ఉందా అని అడిగేవాడు. అందరికీ అలా పేర్లు పెట్టేవాడు. సాజిద్ ఉచితం సాబ్. పెద్ద డాక్టరు సంతకాల సారు. జగిత్యాలలో మందుల షాపు చూసుకునే ముసలాయనకు పెట్టిన పేరు ఇక్కడ రాసేది కాదు.

ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉండేది. దాన్ని ఎక్కడపడితే అక్కడ వేసేవాడు. రెండు వేళ్లతో తన కాలరే పైకెత్తి పట్టుకుని అడిగేవాడు.

"పైసలు వెట్టి కొన్నదైతే, తప్పు వడ్డనాడు కంపెనీవోని కాలర్ వట్టుకుంట. దీనికి ఎవని కాలర్ వట్టుకోవాలె?"

సాజిద్ ఓపికగా చెప్పేవాడు. "సార్, కొన్నదాన్ని కంపెనీవోడు విప్పి చూడనియ్యడు. దీన్ని మీరే విప్పి చూడొచ్చు. తప్పుంటే మనకు కనవడ్తది."

"కనవడకుంటే?"

"గప్పుడు నాదే తప్పు సార్."

"ఇగో, గిప్పుడు దొరికింది కాలర్" అని భుజాలు కదిలేలా నవ్వేవాడు. నోట్లోంచి చప్పుడు వచ్చేది కాదు. అంత మౌనంగా నవ్వే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఉన్నమాట చెప్పాలి కదా, పని మాత్రం వచ్చినవాడే. ఉత్త మాటల మనిషి కాదు. సాజిద్ రాసినదంతా రోజుల తరబడి వరుస వరుసా చదివాడు. తర్వాత దానికి విషం పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మాట ఆయనదే. "మంచి తిండి వెడితే ఎవడైన అరిగించుకుంటడు, విషం వెట్టి చూడాలె" అనేవాడు. ఒక రోగికి మూడువందల ఏళ్లు వయసని కొట్టాడు. ఇంకొకరి బరువుకు ముందు మైనస్ పెట్టాడు. కంప్యూటర్ కిక్కురుమనకుండా లెక్క చేసిచ్చింది. "మూడొందల ఏండ్లోనికి గూడ వారానికి రెండుసార్లు చాలన్నది గదనయ్యా! మస్తు ధైర్యమున్నదిర దీనికి" అని ఆఫీసంతా వినేటట్టు అరిచాడు. సాజిద్ మొహం మాడిపోయింది. ఆ రోజే కూర్చుని, వయసుకూ బరువుకూ అడ్డంకులు రాశాడు. అంతవరకు ఆయన చేసింది మంచి పనే. నేను కాదనను.

కోరుట్లలో చేసింది మాత్రం మంచి పని కాదు. అక్కడ అంకెలు ఎక్కించే అమ్మాయి స్రవంతి. కథలాపూర్ నుంచి బస్సులో వచ్చిపోయేది. ఆమెను వరండాలో నిలబెట్టి, రోగులందరూ చూస్తుండగా, నోటిలెక్కలు అడిగాడట. చెబుతుంటే ఆపి, మళ్లీ అడిగి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా అడిగాడట. ఏడుపు మొదలయ్యాక చేతిలో లవంగం పెట్టి, "నమలు బిడ్డా, ఏడుపు ఆగుతది" అన్నాడట. ఆమె నాకు ఫోన్‌లో చెబుతూ మళ్లీ ఏడ్చింది. ఆ లవంగం ఏం చేశావే అని అడిగితే, "భయానికి నమిలిన అక్కా" అంది.

ఉద్యమం విషయంలోనూ ఆయన తీరు అదే. జగిత్యాల టెంట్లో పొద్దున ముందు వరుసలో ఫొటోకు కూర్చునేవాడు. ఫొటో అయిపోగానే ఆసుపత్రి వెనక గేటు నుంచి లోపలికి వచ్చి పని చేసుకునేవాడు. ఒకరోజు మైకులో ఎవరో, జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నారని మాట్లాడుతుంటే, ఈయన లేచి, "మనుషులకంటె కుర్చీలే ఎక్కువున్నయ్ గదనే" అన్నాడు. కుర్రాళ్లు మీదికి వచ్చారు. వెంటనే మైకు గుంజుకుని, అందరికంటే గట్టిగా జై తెలంగాణ అని అరిచి, చప్పట్లు కొట్టించుకుని దిగాడు. మా తమ్ముడు ఈ ముచ్చట చెప్పి పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. బొగ్గు లేక కరెంటు కూడా ఎప్పుడు పోతుందో తెలియదు. మేము జనరేటర్ పక్కన డీజిల్ డబ్బాలు పెట్టుకుని మిషన్లు నడిపాం. ఊళ్ల నుంచి రోగులు రాలేకపోయేవాళ్లు. కోరుట్లలో పరీక్షకు రక్తం ఇవ్వాల్సినవాళ్లు రాని రోజున ఆ గడిలో స్రవంతి ఏం పెట్టాలి? మామూలుగా అయితే ఖాళీ వదిలేసేది. కానీ అంతకుముందే జగిత్యాల మేనేజరు ఆమెకు గట్టిగా చెప్పి ఉన్నాడు, ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టినట్టే, ఎందుకు లేదో కారణం రాయాల్సిందే అని. చెప్పినట్టే చేసింది. అంకె ఉండాల్సిన గడిలో బంద్ అని కొట్టింది. ఆ రోజుల్లో మా దగ్గర ఎవరు ఎవరిని ఎందుకు రాలేదని అడిగినా చెప్పే జవాబు అదొక్కటే. ఎవరైనా అదే రాసేవాళ్లు.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం మాకు ఆ వారం లిస్టు వచ్చింది. చూసి తెల్లబోయాను. లక్ష్మీరాజం పేరు పక్కన రెండు అని ఉంది.

లక్ష్మీరాజం పవర్‌లూం కార్మికుడు. మా సెంటరుకు రెండు సందుల అవతల ఇల్లు. మూడుసార్లు మిషన్ మీద పడుకుంటే తప్ప నిలబడలేని మనిషి. ఒక్క పూట ఆలస్యమైతే కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. అయినా మంచం మీద ఉన్నంతసేపూ ముచ్చట్లే. మిషన్ చప్పుడు వింటూ, "సిస్టరమ్మా, నీ సాంచా నా సాంచా కంటె మెత్తగ నడుత్తాందే" అనేవాడు. మగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఆయన భార్య రాజవ్వ బీడీలు చుడుతూ వరండాలో కూర్చునేది. ఈ మనిషికి రెండుసార్లు చాలని ఏ కంప్యూటర్ చెప్పింది? కోపంతో జగిత్యాలకు ఫోన్ కొట్టాను.

ఎత్తింది సాజిద్ కాదు. ఆయన.

"యూనివర్సిటీయేనా?"

"సార్, లిస్టు తప్పొచ్చింది. లక్ష్మీరాజానికి రెండు వడ్డయి. ఆయన ఆగడు సార్, పాణం మీదికి అత్తది. సాజిద్‌ను ఒకసారి చూడుమనుండ్రి."

లవంగం కొరికిన చప్పుడు వినిపించింది.

"లిస్టు ఎట్లున్నదో అట్లనే ఉండనీ."

"తప్పున్నది సార్!"

"తప్పో ఒప్పో చెప్పేటందుకే గద నన్ను పిలిచిండ్రు? నువ్వు నడుమ వేలువెట్టకు. ముట్టుకోకు. మీటింగుల చెప్త."

ఫోన్ పెట్టేశాడు. ఏదో చూస్తున్నాడులే, సరిచేసి పంపుతాడు అనుకున్నాను. సాయంత్రం దాకా చూశాను. మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. వీధిలో బతుకమ్మ పాటలు మొదలయ్యాయి. కొత్త లిస్టు రాలేదు.

దసరా పోయిన మర్నాడు శుక్రవారం. లక్ష్మీరాజం మామూలుగా వచ్చే రోజు. వచ్చాడు. వాచిన పాదాలకు చెప్పుల్లేకుండా రాజవ్వ భుజం పట్టుకుని వచ్చాడు. ఆయన మిషన్ మీద ఇంకొకరు ఉన్నారు, లిస్టు ప్రకారం. నేను డ్యూటీ డాక్టరు దగ్గరికి పోయాను. "లిస్టుల లేనోనికి మిషనిత్తే లిస్టులున్నోన్ని ఎటు తోలాలె సిస్టర్? జగిత్యాలల ఒక పెద్ద మనిషి కూసొని చెక్ చేత్తాండు గద" అన్నాడు. ఆ మాట మీద నాకూ డాక్టరుకూ జరిగిన కొట్లాట వరండాలో ఉన్నవాళ్లందరూ విన్నారు. ఉద్యోగం పోతే పోనీ అని కూడా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నీళ్లు తక్కువ తాగుమని చెప్పి పంపాడు. లక్ష్మీరాజమే నన్ను ఊరుకోబెట్టాడు. "పోనీ తియ్ సిస్టరమ్మా, సోమారం అత్త. నా కోసం నువ్వెందుకు మాటలు వడుతవు?" అన్నాడు.

సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం పొద్దున రాజవ్వ ఆటోలో తీసుకొచ్చింది. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. కూర్చోలేడు, పడుకోలేడు, గాలి కోసం నోరు తెరిచి నన్ను చూస్తున్నాడు. నేను మిషన్‌కు గొట్టాలు బిగిస్తూనే ఉన్నాను, ఆయన పోయాడు. సూది గుచ్చడానికి పట్టుకున్న చేయి ఇంకా వెచ్చగానే ఉంది. రాజవ్వ అరవలేదు. నా కోటు పట్టుకుని మెల్లగా అడిగింది. "శుక్రారం అచ్చినం గద సిస్టరమ్మా? పొమ్మన్నరు గద?"

ఇప్పటికీ ఆ మాట అలాగే ఉంది.

ఆయన రిపోర్టు మీటింగు సమ్మె మూలంగా వాయిదా పడుతూ వచ్చింది. ట్రస్టువాళ్లు హైదరాబాదు నుంచి రావాలి, దారులు బంద్. చివరికి సమ్మె ముగిశాక జగిత్యాల పైఅంతస్తు హాల్లో పెట్టారు. మూడు ఊళ్ల నుంచీ అందరినీ పిలిచారు. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. గోడ మీద కంప్యూటర్ తెర పడేటట్టు పెట్టించి, సాజిద్‌ను తెర పక్కన నిలబెట్టాడు, స్రవంతిని ఇంకో పక్కన.

"ఇగో చూడుండ్రి. గీ వరుసల అన్నీ అంకెలే. నడుమ ఒక్క మాట వడ్డది, బంద్. గా మాట చూసి మిషన్ ఏమనుకున్నది? ఇవి అంకెలు గావు, పేర్లు అనుకున్నది. బడిల హాజరుకు పిలిచినట్టు వరుసల నిలవెట్టింది. ఒకటితోని మొదలయ్యేటియి ముందట, ఏడుతోని మొదలయ్యేటియి ఎన్క. మల్ల మన ఉచితం సాబ్ దాన్ని అంకె చెయ్యిమన్నడు. అది ఏమిచ్చింది? ఎవడు ఎన్నోవాడో గా నంబరిచ్చింది. పన్నెండున్నోడు మూడైండు. ఏడున్నోడు పదైండు. సచ్చేటోడు మంచిగైండు, మంచిగున్నోడు సచ్చేటట్టైండు! మిషన్ ఒక్క మాటన్న అన్నదా? అనలే."

హాలంతా గుసగుసలు. ట్రస్టు పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగి, వహ్వా అన్నట్టు తల ఊపాడు. సాజిద్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. స్రవంతి గోడకు ఒరిగి నిలబడింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

నేను లేచాను.

"ఇది ఎన్నడు దొరికింది సార్ మీకు?"

ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు మొహం వెలిగింది. "సద్దుల బతుకమ్మకు ముందటి దినమే! ఒక్క పూటల వట్టిన."

"అంటే నేను ఫోన్ చేసిన్నాటికే మీకు తెల్సు."

"తెల్సు."

"సాజిద్‌కు చెప్పలే?"

"పరీక్ష వెట్టేటోడు జవాబు ముందుగల్లనే చెప్తడానమ్మా? మీటింగు ఆగింది, నేనేం జేత్త? చెప్తే రాత్రికి రాత్రి సవరించి, తప్పే లేదందురు. గప్పుడు నా రిపోర్టుల ఏముంటది?"

"లక్ష్మీరాజం సచ్చిపోయిండు సార్."

"ఎవరాయన?"

నేను చెప్పకముందే తెర మీదికి వంగి, వేలితో వరుస వెంట కిందికి దిగి, ఒక గడి దగ్గర ఆగాడు. "ఓ! పన్నెండు పాయింట్ నాలుగా? అరె, మంచి ఉదాహరణ. రిపోర్టుల వెట్టాలె గిది." అని కళ్లద్దాలు తీశాడు. పక్కన నిలబడింది నేనే కదా. చేయి చాపి నా కోటు అంచు అందుకోబోయాడు.

ఆ రోజు నేను ఆయన కాలర్ పట్టుకున్నాను. రెండు చేతులా పట్టుకున్నాను. గుండీ ఒకటి తెగి బల్ల కిందికి పోయింది. "ఎవని కాలర్ వట్టుకోవాలె అని అడిగినవు గద, ఇగో, గీ కాలర్ వట్టుకోవాలె!" అని అరిచాను. మేనేజరూ ఇంకిద్దరూ నన్ను విడిపించి బయటికి లాక్కెళ్లారు. మెట్ల మీద నిలబడి కూడా తిట్టాను. మా అమ్మ వింటే నోరు నొక్కేసేదే, అలాంటి తిట్లు.

ఏమైంది చివరికి? సాజిద్‌ను తీసేశారు. స్రవంతిని తీసేశారు. సిరిసిల్లలో మిషన్లు నడపడానికి ఇంకో నర్సు దొరకదు కాబట్టి నాకు మెమో ఇచ్చి వదిలేశారు. ట్రస్టువాళ్లు పైసలు పెట్టి కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాని పెట్టె మీద, మా లెక్కలకు మేం బాధ్యులం కాము అని చిన్న అక్షరాల్లో ఉందని సాజిద్ తర్వాత ఎప్పుడో నవ్వుతూ చెప్పాడు. ఆయన రిపోర్టు అందరికీ ఒక్కొక్క ప్రతి పంచారు. నేనూ చదివాను. ఉచిత సాఫ్ట్‌వేర్ లోపలి లెక్కల్లో దోషం లేదని, ప్రమాదమంతా దాన్ని వాడే మనుషుల దగ్గర ఉందని రాశాడు. నిజమే రాశాడు. ఆ మనుషుల్లో తనను కలుపుకోలేదు. లక్ష్మీరాజం అందులో పేరు లేని ఒక ఉదాహరణగా ఉన్నాడు. ఆ పేజీ మీద పెద్ద డాక్టరు చాలా బాగుందని రాసి సంతకం పెట్టాడు.

రాష్ట్రం వచ్చింది. సిరిసిల్ల వీధుల్లో గులాల్ చల్లుకున్నాం. ఏళ్లు గడిచాయి. సాజిద్ కోరుట్లలో మొబైల్ షాపు పెట్టుకున్నాడు. ఆయన సంగతి నేను మరిచిపోయానని చెప్పను, తలుచుకోవడం తగ్గింది.

పోయిన ఏడాది ఒక పొద్దున చక్రాల కుర్చీలో ఒక ముసలాయనను తోసుకొచ్చారు. జగిత్యాలలో మిషన్ ఖాళీ లేదట, మా దగ్గర పొద్దుటి షిఫ్టులో చోటు దొరికిందట. మొహం వాచింది, జుట్టు రాలింది. లవంగం వాసన వచ్చాక గుర్తుపట్టాను. ఆయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు. యూనివర్సిటీ అనలేదు. "మంచిగున్నవా సిస్టర్?" అన్నాడు.

"మంచిగున్న సార్" అన్నాను.

సూది నొప్పి లేకుండానే వేశాను. మిషన్ శుభ్రంగా నడిపాను. నా పనిలో వంక పెట్టడానికి లేదు, ఆయనకు కూడా దొరకలేదు. మొదట్లో రక్తపరీక్ష కాగితం రాగానే గుంజుకుని చూసేవాడు. "గీ అంకె ఎవరు ఎక్కిచ్చిండ్రు? మల్ల చూసిండ్రా? గడిల ఏమన్న మాటలు వడ్డయా?" అని అడిగేవాడు. భయం. అంత భయం నేను ఏ రోగిలోనూ చూడలేదు. ఇంకొకరికి తెలియనిది ఆయనకు తెలుసు కదా, అంకె ఎక్కడ ఎలా తప్పుతుందో.

తర్వాత తర్వాత అంకె పెరగడం మొదలైంది. చేతి నరం పాడైంది, మిషన్ సరిగ్గా లాగడం లేదు. అప్పటి నుంచి కాగితం గుంజుకోవడం మానేశాడు. నేను తీసుకొస్తుంటే మొహం గోడ వైపు తిప్పుకునేవాడు.

"ఇయ్యాల వద్దు సిస్టర్. రేపు చెప్పు."

నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి, అందరికీ వినపడేటట్టు, అంకె చదివేదాన్ని. ప్రతిసారీ. వచ్చిన నిమిషంలోనే. "దాచిపెట్టుడు మాకు రాదు సార్. మా దగ్గర ఎంత తెలిస్తే గంత గప్పుడే చెప్తం" అనేదాన్ని. పక్క మంచాలవాళ్లు నన్ను చాలా నిక్కచ్చి మనిషి అని మెచ్చుకునేవాళ్లు. ఆయన దుప్పటి అంచు పిడికిట్లో నలిపేవాడు. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఎదురుచూశాను కూడా, కలగలేదు.

ఆఖరిసారి వచ్చిన రోజు కాగితం నేనే తెచ్చాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"చెప్పకు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

బిడ్డా అన్నాడు నన్ను. ఆ రోజు నేను చదవలేదు. మంచం పక్కన బల్ల మీద ఆయన కళ్లద్దాలు ఉన్నాయి, మసక మసకగా. వాటిని తీసుకున్నాను. నా కోటు అంచుతో రెండు వైపులా మెల్లగా, శుభ్రంగా తుడిచాను. ఆయన ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సర్ది, కాగితం ఆయన కళ్ల ముందు పట్టుకున్నాను.

"చదువుకోండ్రి సార్" అన్నాను.

చాలాసేపు కళ్లు తెరవలేదు. నేను కాగితం దించలేదు. తర్వాత తెరిచి, చదివాడు.